యేసుబాబు నడక పూణే దాకా

"చెయ్యి కదిలించకే! నంబరు వంకర పోతది," అని కసిరింది నవనీత.

ఆదివారం మధ్యాహ్నం. అయిజలో నవనీత వాళ్ళ ఇంటి ముందు పిల్లలంతా అరచేతులు చాచి వరసగా నిలబడ్డారు. నవనీత నీలి పెన్నుతో ఒక్కో అరచేతిలో అంకెలు రాస్తోంది. కొన్ని అంకెలు, ఒక చుక్క, మళ్ళీ కొన్ని అంకెలు, మళ్ళీ చుక్క.

"ఇవేం నంబర్లే? ఫోన్ నంబర్లా?" అని ఒక పిల్ల అడిగింది.

"కాదు, మా కంప్యూటర్ అడ్రస్. బస్టాండు కాడ నెట్ సెంటర్ల కూసొని ఈ నంబర్లు కొట్టుండ్రి. మా ఇల్లు కనపడ్తది. అచ్చం టీవీ లెక్క!"

"నువ్వు గూడ కనపడ్తవా?"

"నేను కనపడక ఇంకెవరు కనపడ్తరు?" అంటూ నవనీత జడ వెనక్కి విసురుకుంది.

నవనీత ఏడో తరగతి చదువుతోంది. చురుకైన పిల్ల, మనసు కూడా మంచిదే. కాకపోతే నలుగురు తనవైపు చూస్తున్నారంటే చాలు, ఆమె కాళ్ళు నేలమీద నిలవవు. ఆ రోజుల్లో అయిజలో నెట్ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అందులో కెమెరా ఉన్న ఇల్లు తమదొక్కటే. ఇంక పట్టపగ్గాలుంటాయా!

నిజానికి ఈ కెమెరా ఏర్పాటంతా నవనీత కోసం కాదు. ఆమె స్నేహితురాలు పావని వాళ్ళ అమ్మ కోసం.

పావని వాళ్ళ అమ్మ లలితమ్మ, నాన్న మాసయ్య పూణేలో బిల్డింగుల పనికి వెళ్ళారు. పావనినీ, చంటివాడు యేసుబాబునూ నానమ్మ సత్తెమ్మ దగ్గర వదిలి వెళ్ళారు. అప్పటికి యేసుబాబు ఇంకా పాకుతున్నాడు. ఇప్పుడు లేచి బుడిబుడి నడకలు నడుస్తున్నాడు. ఆ సంగతి విన్నప్పటి నుంచి లలితమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా అవే మాటలు.

"నిజంగ నడుస్తుండా? ఎట్ల నడుస్తుండే? నేను వానికి యాదికున్ననా, లేకుంటే మర్చిపోయిండా?"

ఒకరోజు బడిలో పావని ఈ మాటలు చెప్పి ఏడ్చేసింది. విన్న నవనీతకు కూడా ఏడుపొచ్చింది. సాయంత్రం ఇంటికి పోయి అన్న దినేష్ ప్రాణాలు తోడేసింది.

"అన్నా, యేసుబాబు నడుస్తుంటె వాళ్ళమ్మకు కంప్యూటర్ల చూపియ్యాలె. నువ్వు కంప్యూటర్ చదువుతున్నవు గదా, గంత మాత్రం రాదా?"

దినేష్ గద్వాల కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. చెల్లెలు అలా అనేసరికి అతనికి రోషం వచ్చింది. స్నేహితుడి దగ్గర వెబ్‌క్యామ్ తెచ్చాడు. ఏవేవో సాఫ్ట్‌వేర్లు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. నానా తంటాలు పడి చివరికి ఎలాగో పని పూర్తి చేశాడు.

"చూడు," అని చెల్లెలికి చూపించాడు. "ఇవి మన కంప్యూటర్ నంబర్లు. యాడున్నా సరే, ఈ నంబర్లు కొడ్తే మన కెమెరా ముంగట ఉన్నది వాళ్ళకు కనపడ్తది. మాట మాత్రం పోదు, మాటకు ఫోనే. ఇంకోటి, మోడెం బంద్ జేసి మళ్ళ వేస్తే నంబర్లు మారిపోతయి. అందుకే మోడెం ముట్టకు."

పూణేలో లలితమ్మ వాళ్ళకు ఆదివారం సాయంత్రం కాస్త సెలవు దొరుకుతుంది. అందరినీ కంపెనీ లారీలో బజారుకు తీసుకొస్తారు. లారీ తిరిగి బయలుదేరేలోపు ఎక్కెయ్యాలి. పైగా ఈ సోమవారం నుంచి వాళ్ళ పని ఎక్కడో దూరంగా, కొండల పక్క సైటుకు మారుతోంది. అక్కడ నెట్ సెంటర్ కాదు కదా, కిరాణా కొట్టు కూడా లేదట. అంటే చూస్తే ఈ ఆదివారమే చూడాలి.

ఇదంతా నవనీతకు తెలుసు. అయినా పిల్లల అరచేతుల్లో నంబర్లు రాసింది. హైదరాబాదులో ఉన్న పెదనాన్న కూతురు శ్రుతికి ఫోన్ చేసి మరీ చెప్పింది. "అయితే మా ఫ్రెండ్స్‌కు గూడ చెప్త," అంది శ్రుతి. "చెప్పు, చెప్పు!" అంది నవనీత.

టీవీని ఒక్కరు చూసినా, వీధంతా చూసినా బొమ్మ తరగదు కదా! ఇదీ అంతేనని అనుకుంది. అన్నను అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని మనసులో ఓ మూల అనుమానం ఉంది మరి.

సాయంత్రం సత్తెమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడికి తల దువ్వి, పౌడరు పూసి, కొత్త అంగీ తొడిగింది. పావని తమ్ముడి చెప్పులు పట్టుకుని వెనకాలే వచ్చింది. నవనీత కూడా తక్కువేం తినలేదు. పెళ్ళిళ్ళకు వేసుకునే తళుకుల గౌను వేసుకుంది.

దినేష్ కెమెరాను సరిచేస్తుండగా పక్క పొలం బాలన్న రొప్పుతూ వచ్చాడు.

"దినేషా, మీ నాయిన ఉరికి రమ్మంటుండు. పైపు ఊడింది. ఇయ్యాల మీ వంతు నీళ్ళన్ని బాట మీద పారుతున్నయి!"

నవనీత వాళ్ళ పొలానికీ, బాలన్న పొలానికీ, ఆ పక్క పొలానికీ కలిపి ఒకటే బోరు. రోజుకొకరి వంతు. ఇవాళ పోతే మళ్ళీ వంతు వచ్చేదాకా మడి ఎండాల్సిందే. దినేష్ పరుగున వెళ్తూ తన సెల్‌ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టాడు.

"లలితత్త చేస్తది. స్పీకర్ పెట్టి మాట్లాడు. అన్ని రెడీ ఉన్నయి. నువ్వు చూస్కుంటవు గదా?"

"నేను లేనా! నువ్వు పో అన్నా," అంది నవనీత.

ఫోన్ మోగనే మోగింది. దినేష్ ముందే చెప్పి ఉంచిన నంబర్లు పూణే నెట్ సెంటర్ కుర్రాడు కొట్టాడో లేదో, స్పీకర్లో లలితమ్మ కేక వినిపించింది.

"అగో! అత్త! అగో పావని! ఏమే, గింత పొడువైనవేందే!"

సత్తెమ్మ కొంగు సర్దుకుంది. పావని సిగ్గుపడి నవ్వింది. యేసుబాబు మాత్రం కింద కూర్చుని చెప్పుల పని పట్టాడు.

కంప్యూటర్ తెర మీద ఓ మూలన ఎంతమంది చూస్తున్నారో చెప్పే చిన్న అంకె ఉంది. మొదట్లో అది ఒకటే. చూస్తుండగానే రెండైంది, నాలుగైంది. శ్రుతి స్నేహితులు వచ్చారు. బస్టాండు దగ్గరి పిల్లలు వచ్చారు. అంకె పెరుగుతున్నకొద్దీ నవనీత గుండె ఉప్పొంగింది. ఇంక ఆగలేకపోయింది. కెమెరా ముందుకు వచ్చి రెండు చేతులూ ఊపింది.

సరిగ్గా అప్పుడే లలితమ్మ గొంతు మారింది.

"ఏంది, బొమ్మ నిలబడ్డది? కదుల్తలేదు. ఎవల్దో చెయ్యి అడ్డమొచ్చి అట్లనే ఉన్నది. నా కొడుకు కనపడ్తలేడు."

ఆ చెయ్యి ఎవరిదో నవనీతకు తెలుసు. చటుక్కున పక్కకు తప్పుకుంది. లాభం లేదు. పూణేలో ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అప్పుడే యేసుబాబు చెప్పులు వదిలేశాడు. నేలకు రెండు చేతులూ ఆనించి, వెనక భాగం పైకెత్తి, మెల్లగా లేచాడు. తూలుతూ తూలుతూ గోడ దాకా నడిచి వెళ్ళాడు.

"నడుస్తుండే లలితా! సూడు, సూడు!" అని సత్తెమ్మ అరిచింది.

"కనపడ్తలేదత్తా! చెయ్యే కనపడ్తుంది!"

యేసుబాబు గోడను తాకి, కిలకిలా నవ్వి, దబ్బున కూలబడ్డాడు. ఇంట్లో వాళ్ళంతా చూశారు. హైదరాబాదులో ఒకరిద్దరికి సగం సగం కనిపించి ఉంటుంది. చూడాల్సిన ఒక్క మనిషికి మాత్రం కనపడలేదు.

ఫోన్లో లలితమ్మ మెల్లగా అంది.

"పోనీలే బిడ్డా. మీ మాటలన్న ఇంటున్న గదా. లారీ వచ్చే టైమైతుంది."

ఆమె తిట్టి ఉంటే నవనీతకు ఇంత బాధ అనిపించేది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పావని మొహం చూసే ధైర్యం లేక తెర వంక చూసింది. మూలనున్న అంకె ఇంకా పెరుగుతూనే ఉంది. ఇందాక ఒక్కరే చూస్తున్నప్పుడు బొమ్మ చక్కగా పోయింది. జనం పెరిగాక ఆగిపోయింది. ఎందుకు?

ఆమెకు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది.

అప్పటికి వంతులు లేవు. కరెంటు రాగానే మూడు పొలాలవాళ్ళూ ఒకేసారి నీళ్ళు తిప్పుకునేవారు. బోరు ఒకటే, అందులో నీళ్ళు ఉన్నన్నే. మూడు పైపుల్లోనూ నీళ్ళు సన్నగా కారేవి, ఏ ఒక్క మడీ తడిసేది కాదు. పల్లి చేను ఎండిపోయింది. నాయినా బాలన్నా కొట్టుకునేదాకా వచ్చింది. ఆ తర్వాతే అందరూ కూర్చుని వంతులు కట్టుకున్నారు.

"ఇది టీవీ కాదు. ఇది బోరు!" అని నవనీత పైకే అనేసింది.

"బోరేందే తల్లీ?" అంది సత్తెమ్మ అయోమయంగా.

"అవ్వా, మన ఇంట్లకెల్లి బయటికి పోయే బొమ్మ గింతే ఉంటది. చూసేటోళ్ళందరికి అదే పంచాలె. నేను ఊరందరికి నంబర్లు చెప్పిన. అందుకే లలితత్తకు రాకుండైంది."

పావని చప్పున తలెత్తింది. "అందరికి చెప్పినవా? మా అమ్మ చూసేదానికి?"

నవనీత ఇంటి ఫోన్ తీసి శ్రుతికి చేసింది.

"అక్కా, జర కంప్యూటర్ బంద్ జెయ్. మీ ఫ్రెండ్స్‌కు గూడ బంద్ జెయ్యమని చెప్పు."

"ఇప్పుడే గదనే వచ్చినం! నిన్ను చూస్తమని మా ఫ్రెండ్స్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు," అంది శ్రుతి.

నవనీత ఫోన్ పెట్టేసింది. శ్రుతిని బతిమాలుకున్నా, బస్టాండు దగ్గర పిల్లలకు చెప్పేదెవరు? పరుగెత్తుకుని వెళ్ళి వచ్చేలోపు పూణేలో లారీ వెళ్ళిపోతుంది.

ఆమె చూపు మోడెం మీద పడింది. బంద్ చేసి మళ్ళీ వేస్తే నంబర్లు మారతాయని అన్న చెప్పాడు. నంబర్లు మారితే పాత నంబర్లతో ఎవరికీ ఏమీ కనపడదు. కొత్తవి తను చెప్పినవాళ్ళకే తెలుస్తాయి.

కానీ రేపు బడిలో ఏమవుతుంది? టీవీలో కనపడతానని గొప్పలు పోయి మాయమైందని అందరూ ఏడిపిస్తారు. శ్రుతి స్నేహితుల ముందు పరువు పోతుంది. నెట్ మళ్ళీ రాకపోతే? దినేషన్న వీపు విమానం మోత మోగిస్తాడు.

ఫోన్లో మాసయ్య అంటున్నాడు, "లే, పోదాం. డ్రైవరు పిలుస్తుండు."

"మామా, పోకుండ్రి! జర ఆగుండ్రి! ఒక్కసారి!" అని అరుస్తూ నవనీత మోడెం వైరు పీకేసింది.

తెర మీద అంకె సున్నా అయింది.

"ఏం జేసినవే! ఉన్నది గూడ పాయె!" అని పావని కేకపెట్టింది.

"నన్ను నమ్మవే," అంది నవనీత. వైరు మళ్ళీ పెట్టింది. మోడెం మీద ఒక లైటు వెలిగింది. రెండోది మిణుకు మిణుకుమంది. మూడోది వెలగలేదు. పావని కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంటోంది. సత్తెమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆమె కూడా చేతులు జోడించింది.

మూడో లైటు వెలిగింది!

కొత్త నంబర్లు ఎక్కడ కనపడతాయో అన్న చూపించాడు. నవనీత బడిలో చదివినట్టు ఇంగ్లీషులో చదివింది. పావని దాన్ని తెలుగులో ఫోన్లో చెప్పింది. పూణేలో లలితమ్మ దాన్నే హిందీలో నెట్ సెంటర్ కుర్రాడికి చెప్పింది.

"వన్, వన్, సెవెన్, చుక్క!"

"ఒకటి, ఒకటి, ఏడు, సుక్క!"

"ఏక్, ఏక్, సాత్, బిందీ!"

చుక్కను నుదుటి బొట్టులా బిందీ అన్నందుకు ఆ కుర్రాడు పడీ పడీ నవ్వడం ఇక్కడి దాకా వినిపించింది. నవ్వుతూనే నంబర్లన్నీ కొట్టాడు.

"అగో! వచ్చింది! కదుల్తుంది! పావని చెయ్యి కదుల్తుంది!"

నవనీత గోడకు అతుక్కుని నిలబడింది. తన గౌను అంచు కూడా కెమెరాకు కనపడకుండా దగ్గరికి లాక్కుంది.

అన్నీ కుదిరాయి. ఇప్పుడు యేసుబాబుకు బుద్ధి పుట్టాలి కదా! ఆ మహారాజు కాళ్ళు చాపుకుని కూర్చుని అంగీ గుండీ నోట్లో పెట్టుకున్నాడు. పావని లేపింది, కూర్చున్నాడు. సత్తెమ్మ బెల్లం ముక్క చూపించింది, కూర్చునే చెయ్యి చాచాడు. అటు లారీ హారన్ మోగుతోంది.

"పావనీ, ఫోన్ కెమెరా పక్కన పెట్టు. దగ్గరగ పెట్టు!" అంది నవనీత. "లలితత్తా, నువ్వు పిలువు. వాణ్ణి నువ్వే పిలువు!"

పావని ఫోన్‌ను కెమెరాకు ఆనించి పట్టుకుంది. లలితమ్మ గొంతు సవరించుకుంది. తను పిలిస్తే వాడికి తెలుస్తుందా అన్న భయం ఆమె గొంతులోనే తెలిసిపోతోంది.

"యేసూ... నా బంగారు కొండా... రా నాయినా. అమ్మ కాడికి రా."

యేసుబాబు నోట్లోంచి గుండీ జారిపోయింది. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో వెతికాడు.

"రా బిడ్డా! రా!"

వాడు లేచాడు. ఈసారి గోడ వైపు పోలేదు. ఆ గొంతు వైపు నడిచాడు. అంటే కెమెరా వైపు! తూలాడు, ఆగాడు, మళ్ళీ నడిచాడు. తెర మీద వాడి మొహం పెద్దదైంది, ఇంకా పెద్దదైంది. పూణేలో కూర్చున్న వాళ్ళమ్మకు ఎదురుగా, ఆమె దగ్గరికే నడిచి వస్తున్నాడు వాడు.

"అ...మ్మా," అంటూ వచ్చి కెమెరాను రెండు చేతులతో పట్టుకున్నాడు.

తెరంతా నల్లబడింది. ఎవరికీ దిగులు లేదు. ఫోన్లో లలితమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. "నా కొడుకు నడుస్తుండు! నా కాడికే వచ్చిండు!" అని మాసయ్య నెట్ సెంటర్ దద్దరిల్లేలా అరుస్తున్నాడు. వెనకాల ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు. తెలుగు రానివాళ్ళు కూడా కొట్టారట.

"కండ్ల నిండ చూసిన బిడ్డా," అంది లలితమ్మ. "వాడు నన్ను మర్వలేదు."

పావని వచ్చి నవనీతను గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఎగిరి గంతులేశారు.

అంతలోనే బస్టాండు దగ్గరి పిల్లలంతా గుంపుగా వచ్చిపడ్డారు.

"అబద్ధాలకోరు! మీ ఇల్లు మాయమైంది! నీ చెయ్యి తప్ప ఏం కనపడలే!"

నవనీతకు చెవులు వేడెక్కాయి. అయినా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేనే బంద్ జేసిన. మీకు చెప్పుడే నా తప్పు. ఇయ్యాల వంతు లలితత్తది, అది మీకు ఇచ్చేసిన," అంది.

పిల్లలు కాసేపు సణుక్కున్నారు. యేసుబాబు నడక సంగతి పావని కళ్ళకు కట్టినట్టు చెప్పేసరికి సణుగుడు మర్చిపోయి, వాణ్ణి మళ్ళీ నడిపించమని గోల చేశారు.

మోకాళ్ళ దాకా బురదతో దినేష్ తిరిగొచ్చాడు. నవనీత ఏదీ దాచకుండా చెప్పింది. అతను మోడెం వంకా, చెల్లెలి వంకా మార్చి మార్చి చూశాడు.

"అందరు చూస్తే ఆగిపోతదని నేను గూడ చెప్పకపోతి. కానీ నంబర్లు మార్చాలని ఎట్ల తట్టిందే నీకు? నేనైతే పరేషాన్ అయిపోతుంటి!" అన్నాడు. బురద చేత్తోనే ఆమె నెత్తి మీద మొట్టికాయ వేశాడు. అది మెచ్చుకోలు మొట్టికాయ.

ఈ కబురు వాడంతా పాకింది. మరుసటి ఆదివారం తిరుపతమ్మ వచ్చింది. ఆమె భర్త ముంబైలో పని చేస్తున్నాడు.

"మా బర్రె ఈనింది. దూడ ఎట్లున్నదో సూడాలని మా ఆయన ఒకటే పాణం తీస్తుండు. చూపియ్యవూ?"

దూడ ఇంట్లోకి వచ్చింది. వస్తూనే తెర వైరు నాకబోయింది. దినేష్ లబోదిబోమన్నాడు. నవనీత కొత్త నంబర్లు తిరుపతమ్మ భర్త ఒక్కడికే చెప్పింది. కిటికీ దగ్గర పిల్లలు "మాకు?" అన్నారు. "ఆయనదైనంక," అంది. తర్వాత బల్ల కిందికి దూరి, దూడ కదలకుండా దాని కాళ్ళు పట్టుకుంది.

"వారెవ్వా! నుదురు మీద తెల్లమచ్చ ఎంత ముద్దుగున్నది!" అని ఫోన్లో తిరుపతమ్మ భర్త మురిసిపోయాడు. "గంత బుద్ధిగ నిలబడ్డదేంది? కింద ఎవరో పట్టుకున్నట్టున్నరు. ఎవరది?"

"ఎవరైతే ఏంది మామా!" అని బల్ల కింద నుంచి గొంతు వినిపించింది. "నువ్వు దూడను చూడు!"